జాన్ హార్వర్డ్ ఎడమ బూటు

హార్వర్డ్ యార్డ్‌లో యూనివర్సిటీ హాల్ ముందు కుర్చీలో కూర్చుని ఉండే జాన్ హార్వర్డ్ కంచు విగ్రహం నిలువెల్లా ముదురు గోధుమరంగే. ముందుకు చాచిన ఎడమ బూటు కొస ఒక్కటే చింతపండు పెట్టి అప్పుడే తోమిన చెంబులా మెరుస్తుంటుంది. అది ముట్టుకుంటే కలిసొస్తుందని టూరు గైడ్లు చెప్తారు. బోస్టన్‌లో పిల్లల దగ్గరికి వెళ్లిన మన అమ్మానాన్నలూ వరసలో నిలబడి ముట్టుకుంటారు, మనవడికి సీటు రావాలని. రాత్రిళ్లు విద్యార్థులు ఆ బూటు మీద ఏం పోస్తారన్న మాట కూడా అంతే ప్రచారంలో ఉంది కాబట్టి జేబులో శానిటైజరు ఉంచుకోవడం మంచిది.

విగ్రహం పడమటి ముఖంగా ఉంటుంది. ఫొటో కావాలంటే మధ్యాహ్నం దాటాక వెళ్లండి. పొద్దున వెళ్తే వెలుగు వెనక నుంచి వచ్చి ముఖం నల్లగా పడుతుంది.

దిమ్మె మీద మూడే ముక్కలు: జాన్ హార్వర్డ్, స్థాపకుడు, 1638. ఈ మూడూ తప్పేనని చెప్పడం అక్కడ ఆనవాయితీ. దీనికి "మూడు అబద్ధాల విగ్రహం" అనే పేరు అలాగే వచ్చింది. ముఖం ఆయనది కాదు, ఆయన స్థాపకుడు కాడు, స్థాపించింది 1638లో కాదు. ఇలా చకచకా చెప్పేస్తే నవ్వొస్తుంది గానీ, ఒక్కొక్క ముక్కా విప్పి చూస్తే లెక్క అంత సూటిగా తేలదు. క్యాంపస్‌లో స్థాపకుడి విగ్రహం పెట్టాలనుకునే ఏ కమిటీ అయినా ముందు చదవాల్సింది ఆ మూడు ముక్కలనే.

మసాచుసెట్స్ బే కాలనీ సభ 1636 అక్టోబరు 28న కాలేజీ కోసం 400 పౌండ్లు కేటాయిస్తూ తీర్మానం చేసింది. అప్పటికి జాన్ హార్వర్డ్ ఇంకా ఇంగ్లండులోనే ఉన్నాడు. 1607లో లండన్ దగ్గరి సదర్క్‌లో పుట్టి, కేంబ్రిడ్జిలోని ఇమాన్యుయెల్ కాలేజీలో చదువుకుని, 1637లో ఓడెక్కి వచ్చి చార్ల్స్‌టౌన్‌లో దిగాడు. 1638 సెప్టెంబరులో క్షయతో పోయాడు. పోతూ పోతూ ఆస్తిలో సగం, సుమారు 400 పుస్తకాలు కాలేజీకి వదిలి వెళ్లాడు. ఆ సగం విలువ 779 పౌండ్ల 17 షిల్లింగుల 2 పెన్నీలని లెక్కల్లో ఉంది. అంటే సర్కారు ఇస్తానన్న దానికి దాదాపు రెట్టింపు. తీర్మానం చేసినవాళ్లు స్థాపకులా, ఇల్లు నిలబడేంత సొమ్మిచ్చినవాడు స్థాపకుడా అన్నది మన పల్లెల్లో గుడి కట్టినప్పుడు కూడా తెగని పంచాయితీయే. మా లెక్కన ఆ రెండో ముక్కను అబద్ధం అనడం కాస్త ఎక్కువ.

ఏడాది సంగతి ఇంకా తమాషా. కాలేజీకి హార్వర్డ్ పేరు పెడుతూ సభ తీర్మానించింది ఇప్పటి లెక్కలో 1639 మార్చి 13న. కానీ అప్పటి ఇంగ్లిషు క్యాలెండరులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అంటే ఆ రోజుకు వాళ్లకింకా 1638 నడుస్తోంది. ఆయన పోయిందీ, విరాళం ఇచ్చిందీ, కాలేజీకి పేరు పడిందీ అన్నీ ఆనాటి లెక్కలో 1638లోనే. రాతి మీద అంకె తప్పు కాదు. దాని పైన "స్థాపకుడు" అన్న మాట చేరాక, చదివేవాడు అది స్థాపించిన ఏడాది అనుకోవడమే తప్పవుతోంది. "విరాళం, 1638" అని ఉంటే నోరెత్తేవాడు ఉండడు.

ఇక ముఖం. జాన్ హార్వర్డ్‌ను చూసి గీసిన బొమ్మ ఒక్కటీ మిగల్లేదు. ఆయనిచ్చిన పుస్తకాలు కూడా 1764లో హార్వర్డ్ హాల్ తగలబడినప్పుడు ఒక్కటి తప్ప అన్నీ పోయాయని చెబుతారు. ఏమీ లేనిచోట నుంచి మనిషిని చేయాల్సి వచ్చినవాడు డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్. తర్వాత వాషింగ్టన్‌లోని లింకన్ స్మారకంలో కూర్చున్న లింకన్‌ను చేసింది ఆయనే. హార్వర్డ్ విగ్రహం నాటికి ముప్ఫై నాలుగేళ్లవాడు. శామ్యూల్ జేమ్స్ బ్రిడ్జ్ అనే దాత 1883లో సొమ్ము ఇస్తానన్నాడు, 1884 అక్టోబరు 15న ఆవిష్కరణ జరిగింది. తల కోసం షెర్మన్ హోర్ అనే హార్వర్డ్ పట్టభద్రుణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. పాత న్యూ ఇంగ్లండు కుటుంబం వాడు, ఆ పోలికలు ఉంటాయన్న ఆశతో. ఫలితం ఏమిటంటే, 1986లో అమెరికా తపాలా శాఖ జాన్ హార్వర్డ్ పేరిట 56 సెంట్ల తపాలా బిళ్ల వేసినప్పుడు అందులో ఉన్నదీ ఈ విగ్రహం ముఖమే. ఊహించి చేసిన ముఖం వందేళ్లకు అధికారిక ముఖమైపోయింది.

ఫొటో లేని మనిషికి ముఖం పెట్టడం తప్పేం కాదు. దిమ్మె పక్కన చిన్న అక్షరాల్లో "శిల్పి ఊహ" అని చెక్కించకపోవడమే తప్పు. ఒక్క వాక్యానికి అయ్యే ఖర్చు మొత్తం బడ్జెట్‌లో కనపడదు కూడా.

ఇంతవరకూ కాగితం పని. చేతిపని దగ్గరికి వద్దాం.

ఆ రోజుల్లో అమెరికాలో పెద్ద కంచు విగ్రహాలు ఎక్కువగా ఇసుక పోతతో చేసేవారు. మట్టి నమూనా, దాని మీద నుంచి ప్లాస్టర్ నమూనా, దాన్ని ముక్కలుగా కోసి ఒక్కో ముక్కకూ ఇసుకలో అచ్చు, లోపల కోర్ (డొల్ల రావడానికి పెట్టే ముద్ద), మధ్య సందులో లోహం. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా మైనం పద్ధతి. రబ్బరు అచ్చులో మైనం పూత పోసి, దాని లోపలా బయటా వేడికి తట్టుకునే మట్టి పట్టించి, కొలిమిలో మైనం కరిగించి పంపేసి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. స్వామిమలై స్థపతులు చేసే దేవుడి విగ్రహాలదీ ఇదే సూత్రం. కాకపోతే వాళ్లు చాలావరకు గట్టి పోత పోస్తారు, నిలువెత్తు మనిషి బొమ్మ మాత్రం లోపల డొల్లగానే ఉండాలి.

డొల్ల గోడ మందం ఎంతన్నది బడ్జెట్‌ను మింగేసే ప్రశ్న. 6 మిల్లీమీటర్ల మందంతో ఒక చదరపు మీటరు కంచు సుమారు 53 కిలోలు తూగుతుంది. నాలుగుకు దిగితే 35 కిలోలు. పది దాకా పోతే 88. నిలువెత్తుకు ఒకటింబావు రెట్లున్న కూర్చున్న విగ్రహం, కుర్చీతో కలిపి, ఐదారు చదరపు మీటర్ల ఉపరితలం వస్తుంది. అంటే 6 మిల్లీమీటర్ల దగ్గర 260 నుంచి 320 కిలోల లోహం. ఇక్కడ కమిటీలు పడే పొరపాటు ఒకటుంది. విగ్రహం ఎత్తు ఒకటిన్నర రెట్లు చేస్తే ఖర్చు కూడా ఒకటిన్నర రెట్లే అనుకుంటారు. ఉపరితలం వర్గంలో పెరుగుతుంది, కాబట్టి లోహం రెండుంబావు రెట్లవుతుంది. సమావేశంలో ఎవరో ఉత్సాహంగా "ఇంకో మూడడుగులు పెంచుదాం" అన్నప్పుడు కాగితం మీద ఈ లెక్క వేసి చూపించండి.

మిశ్రమం కూడా ఒప్పందంలో రాసుకోవాలి. "కంచు" అని రాసి వదిలేస్తే తుక్కు ఇత్తడి కరిగించి పోసినా అడగలేరు. రాగి 85 పాళ్లు, తగరం, జింకు, సీసం తలా 5 పాళ్లు ఉండే మిశ్రమం విగ్రహాల పోతలో చాలాకాలంగా వాడుకలో ఉన్నదే. జింకు బాగా పెరిగితే తేమలో, ఉప్పుగాలిలో ఆ జింకే ముందు కరిగిపోయి, రాగి స్పాంజిలా ఎర్రగా మిగులుతుంది. పోసిన లోహంలోంచే చిన్న ముక్క కోసి పరీక్షకు పంపే హక్కు మీకుండాలి. అతికే వెల్డింగు కడ్డీ కూడా అదే మిశ్రమంది కావాలి. వేరేదైతే అప్పటికి కనపడదు, రంగు వేశాక మెడ చుట్టూ దారం కట్టినట్టు గీత తేలుతుంది.

చల్లబడ్డాక లోహం, అంతకుముందు మైనం, రెండూ కుంచించుకుంటాయి. రెండు మీటర్ల నమూనాకు చివర్లో నాలుగైదు సెంటీమీటర్లు తగ్గడం మామూలే. దిమ్మె కొలతలు మట్టి నమూనా చూసి ఖరారు చేస్తే బోల్టుల రంధ్రాలు కలవవు. పోత విగ్రహం అడుగు కొలిచాకే దిమ్మెలో రంధ్రాలు వేయాలి.

మట్టి దశలో ఇంకో మాట. స్టూడియోలో నమూనా మన కళ్లకు ఎదురుగా ఉంటుంది, అందరూ "అచ్చం ఆయనే" అంటారు. అదే ముఖం ఐదడుగుల దిమ్మె ఎక్కాక కింద నుంచి చూస్తే గడ్డం, ముక్కురంధ్రాలే కనిపిస్తాయి. ఆమోదం తెలిపే రోజున నమూనాను దిమ్మె ఎంత ఎత్తో అంత ఎత్తున నిలబెట్టమని అడగండి. తల నాలుగైదు డిగ్రీలు ముందుకు వంచడం మట్టిలో ఒక పూట పని, కంచులో అసాధ్యం. కళ్లద్దాలు పెట్టే మనిషైతే కళ్లద్దాల ఫ్రేము ముక్కుకు, రెండు చెవుల దగ్గరా అతికి ఉండాలి. ఊడొచ్చేలా పెడితే ఆర్నెల్లలో ఎవరో ఒకరు పట్టుకుపోతారు. చేతికర్రా అంతే.

సరుకు చేతికి తీసుకునే రోజు పోత కార్ఖానాకు ఖాళీ చేతులతో వెళ్లకూడదు. ఒక అయస్కాంతం, ఒక రూపాయి బిళ్ల, ఒక టార్చి, రెండు బకెట్ల నీళ్లు చాలు. అయస్కాంతం ఎందుకంటే, పోత పోసేటప్పుడు కోర్ కదలకుండా ఇనుప మేకులు గుచ్చుతారు. పోత అయ్యాక వాటిని పీకి, ఆ రంధ్రాలను కంచుతోనే మూయాలి. బద్ధకించి కోసి వదిలేస్తే రెండు వానాకాలాల తర్వాత విగ్రహం చొక్కా మీద ఎర్రటి తుప్పు చారలు కారతాయి. అయస్కాంతం ఎక్కడ పట్టుకుంటే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. రూపాయి బిళ్లతో తడుతూ పోతే కంచు ఖంగుమంటుంది. మొద్దుగా మోగిన చోట కార్లకు వాడే పుట్టీతో గుంతలు పూడ్చారని అర్థం. దానికి రంగు పట్టదు, వేడి తగిలితే పొగ వస్తుంది. టార్చి లోపల పెట్టి చీకట్లో చూస్తే అతుకుల్లో సందులు తెలుస్తాయి.

నీళ్ల పరీక్షే అన్నిటికన్నా ముఖ్యం, దాన్నే ఎవరూ చేయరు. తల మీద నుంచి రెండు బకెట్లు కుమ్మరించి పది నిమిషాలు ఆగండి. నీళ్లు ఎక్కడ నిలిచాయో చూడండి. నిలబడ్డ మనిషిలో ముడుచుకున్న చేయి మడత, కండువా ముడి. కూర్చున్న మనిషిలో ఒడి. జాన్ హార్వర్డ్ మోకాలి మీద పుస్తకం తెరిచి ఉంటుంది. తెరిచిన పుస్తకం అంటే రెండు పేజీల మధ్య కాలువ. పేజీలు వాలుగా ఉండి నీళ్లు జారిపోతే సరే, లేకుంటే అక్కడ ఆకులూ రెట్టలూ చేరి సన్నటి బురద తయారవుతుంది, దాని కిందే లోహాన్ని మొదట తినేస్తుంది. బోస్టన్ లాంటి చోట ఆ నీరు గడ్డకట్టి సుమారు తొమ్మిది శాతం ఉబ్బి అతుకులను విప్పుతుంది. మన దగ్గర మంచు లేదు, కానీ పావురాలున్నాయి. నీళ్లు నిలిచే చోట వాలు దిద్దించండి, లేదా అత్యంత దిగువన 8, 10 మిల్లీమీటర్ల రంధ్రం వేయించండి. విగ్రహం లోపలికి చేరే తేమ పోవడానికి పాదాల అడుగున కూడా ఒకటి ఉండాలి. ఆ రంధ్రాన్ని దిమ్మె సిమెంటుతో మూసేయడం మేస్త్రీలకు అలవాటు, దగ్గర నిలబడి ఆపాలి.

లోపలి చట్రం మామూలు ఇనుముతో వద్దు. కంచు, ఇనుము తడిలో తాకితే బ్యాటరీ అయిపోతాయి, ఇనుము త్వరగా తుప్పు పట్టి ఉబ్బి కంచును లోపలి నుంచి చీలుస్తుంది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి, కంచుకు తగిలే చోట మధ్యలో నైలాన్ పలక పెట్టాలి. బోల్టులు కూడా అదే రకం. ఎన్ని, ఎంత లావు, ఎంత లోతు అన్నది గాలి ఒత్తిడిని బట్టి స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పాలి. విశాఖ లాంటి తుపాను ఊళ్లో పోత మేస్త్రీ అంచనాతో సరిపెట్టుకోవద్దు.

దిమ్మె విషయంలో హార్వర్డ్‌ది గ్రానైటు. పక్కల మీద ఒకవైపు హార్వర్డ్ ముద్ర, ఇంకోవైపు ఆయన చదివిన ఇమాన్యుయెల్ కాలేజీ ముద్ర ఉంటాయి. ముందు నిలబడి సెల్ఫీ తీసుకునేవాళ్లు పక్కలు చూడరు. మన క్యాంపస్‌లలో మామూలుగా ఇటుక, కాంక్రీటు కట్టి దాని మీద 20 మిల్లీమీటర్ల గ్రానైటు పలకలు అతికిస్తారు. సందుల్లోంచి నీళ్లు దూరి, లోపలి సిమెంటులో ఉన్న సున్నాన్ని కరిగించుకుని, బయటికొచ్చి తెల్లటి కారుడు చారలవుతాయి. పైపలకను ఒకే రాయిగా వేసి, నాలుగు వైపులా కాస్త వాలు ఇచ్చి, బయటికి పొడుచుకొచ్చిన అంచు అడుగున వేలు పట్టేంత గాడి తీస్తే నీటిబొట్టు అక్కడే తెగి కింద పడుతుంది. ఇళ్ల సన్‌షేడ్‌కు మేస్త్రీలు చేసేదే ఇది. దిమ్మెకు ఎందుకో మరిచిపోతారు.

విగ్రహం ఒకసారి పెట్టాక కదలదనుకోకూడదు కూడా. జాన్ హార్వర్డ్ మొదట నలభై ఏళ్లు మెమోరియల్ హాల్ పడమటి వైపు ఉన్నాడు. ఇప్పుడున్న చోటికి వచ్చింది 1924లో. బోల్టులు విప్పగలిగేలా ఉండాలి, ఎత్తడానికి పట్టీలు ఎక్కడ వేయాలో డ్రాయింగు ఉండాలి. మెడకు తాడు కట్టి క్రేనుతో లేపితే ఏమవుతుందో వివరించక్కర్లేదు.

మళ్లీ బూటు దగ్గరికి. కంచు మీది గోధుమరంగు పెయింటు కాదు. లోహాన్ని టార్చితో వేడి చేస్తూ, ఫెర్రిక్ నైట్రేట్ లాంటి లవణాల ద్రావణం కుంచెతో పూస్తే పుట్టే పలుచటి పొర అది. పాటినా అంటారు. దాని మీద మైనం. వేళ్లు రాసుకున్న కొద్దీ ముందు మైనం పోతుంది, తర్వాత ఈ పొర, తర్వాత అడుగున లోహం బయటపడుతుంది. మామూలుగా అయితే గాలి తగిలి కొన్ని వారాల్లో మళ్లీ నల్లబడాలి, కానీ రోజూ వందల చేతులు రుద్దుతుంటే ఆ అవకాశం ఉండదు. మెరుపు అంటే పొర కట్టే వేగం కన్నా అరుగుదల వేగం ఎక్కువని అర్థం. ఒక్కో చెయ్యి తీసుకుపోయేది లెక్కలోకి రానంత తక్కువ. అయినా ఏళ్లు గడిచే కొద్దీ బూటు అంచులు గుండ్రబడి, శిల్పి పెట్టిన గీతలు చెరిగిపోతాయి. దీనికి మందు లాకరు (పైన వేసే పారదర్శక పూత) కాదు. చేతులు రుద్దే చోట లాకరు చేప పొలుసుల్లా లేచి, దాని కింద మరకలు పడతాయి.

అంటే చేయగలిగింది రెండే. అది ముట్టుకునే విగ్రహమని ఒప్పుకుని ఆ బూటును అలాగే వదిలేయడం ఒకటి. లేదా ముందే చేతికందని ఎత్తులో పెట్టడం. పెద్దవాళ్లు చెయ్యెత్తితే సుమారు 2 మీటర్ల పైకి అందుతుంది. పాదం అడుగు అంతకన్నా బాగా పైన ఉంటే ఎవరికీ అందదు. కానీ అంత ఎత్తున కూర్చున్న విగ్రహం కింద నుంచి బూట్ల అడుగులు మాత్రమే చూపిస్తుంది. మా ఓటు ముట్టుకునే ఎత్తుకే.

మన దగ్గర బూటు కాదు సమస్య, జయంతి. ముందురోజు సాయంత్రం శుభ్రం చేయమని ఎవరికో చెప్తారు, అతను ఇంట్లో ఇత్తడి సామాను తోమినట్టే చింతపండు, ఉప్పు, పీచు తీసుకుని మొదలుపెడతాడు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆ గోధుమ పొరను అరగంటలో కరిగించేస్తుంది. ఉప్పులోని క్లోరైడు సన్నటి గుంతల్లో దూరి కూర్చుంటుంది. మర్నాడు ఫొటోల్లో విగ్రహం బంగారంలా ఉంటుంది. నెల తిరిగేసరికి మచ్చలు మచ్చలుగా చిలుము. అప్పుడు దాన్ని కప్పెట్టడానికి బంగారు రంగు డబ్బా తెస్తారు. ఒకసారి ఆ పెయింటు పడ్డాక శిల్పి చేసిన కనుబొమ్మలు, చొక్కా కుట్లు పూడుకుపోతాయి. రెండో ఏడు రెండో పూత. తీయాలంటే పెయింటు రిమూవరుతో రోజుల తరబడి పని.

దండల్లో ఇనుప తీగ ఉంటుంది, దారం దండలే తెప్పించండి, సాయంత్రానికే తీసేయండి. కుళ్లిన బంతిపూల రసం మెడ దగ్గర మరక వేస్తుంది. పాలాభిషేకం వద్దంటే వినకపోతే, అయిన వెంటనే మంచినీళ్లతో ధారాళంగా కడిగించండి. అన్నిటికన్నా గాయం చేసేది దండ వేయడానికి భుజానికి ఆనించే ఇనుప నిచ్చెన. దాని కొసలకు పాత గుడ్డ చుట్టడం, లేదా పక్కన విడిగా నిలబడే నిచ్చెన వాడటం, ఇంతే. ఇలాంటి అలంకరణ అక్కడా లేకపోలేదు. 2007 సెప్టెంబరులో ఎంఐటీ అల్లరి విద్యార్థులు జాన్ హార్వర్డ్ తలకు వీడియో గేమ్ హీరో హెల్మెట్ తొడిగి చేతికి తుపాకీ తగిలించారు.

ఏటా చేయాల్సిన పని ఇది. సముద్రం దగ్గర ఊళ్లలో ఏడాదికి రెండుసార్లు, హైదరాబాదు లాంటి చోట ఒకసారి. ఎండ పొడిగా ఉండే డిసెంబరు, జనవరి మంచి కాలం. ముందు మంచినీళ్లతో దుమ్ము వదిలించాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాడొద్దు, చివరి కడుగుకు ఆర్‌ఓ నీళ్లు చాలు. పది లీటర్ల బకెట్‌కు ఒకట్రెండు చెంచాల తటస్థ ద్రవ సబ్బు (ఆమ్లం గానీ క్షారం గానీ లేనిది), మెత్తటి కుంచె. ఇనుప పీచు, ప్రెషర్ వాషరు, బ్లీచింగు, యాసిడ్ ఏవీ దగ్గరికి రానీయొద్దు. పిట్ట రెట్టలు గట్టిపడి ఉంటే తడి గుడ్డ అరగంట కప్పి ఉంచితే మెత్తబడతాయి, గీకొద్దు. పూర్తిగా ఆరాక, ఎండకు లోహం గోరువెచ్చగా ఉన్నప్పుడు మైక్రోక్రిస్టలైన్ మైనం పేస్టు పలచగా కుంచెతో పట్టించి, ఆరాక నూలుగుడ్డతో రుద్దాలి. రెండు పలచటి పూతలు ఒక మందపాటి పూత కన్నా మేలు. మందంగా వేస్తే ఎండకు మెత్తబడి దుమ్మంతా అంటుకుంటుంది. ఇంట్లో ఉండే తేనెమైనం వాడొద్దు, అందులోని ఆమ్లాలు రాగితో కలిసి పచ్చగా తేలతాయి. కొత్త విగ్రహానికైతే పోత కార్ఖానావాళ్లే టార్చితో లోహం వేడి చేసి వేడి మైనం పట్టించి పంపాలి, ఆ మాటా ఒప్పందంలోకి ఎక్కాలి.

కడిగేటప్పుడు లేత ఆకుపచ్చ పొడి మచ్చలు కనిపిస్తే ఆగి చూడండి. గట్టిగా అంటుకుని ఉన్న ముదురు పచ్చ పొర వయసుతో వచ్చింది, దానితో తొందరేం లేదు. కుంచెతో దులిపితే రాలిపోయి, ముసురు పట్టిన రోజుల్లో వారం తిరక్కుండా మళ్లీ అక్కడే పొడి పుడితే అది క్లోరైడు తెగులు. తేమ, గాలి తగిలినప్పుడల్లా లోపల ఆమ్లం పుట్టి లోహాన్ని తింటూనే ఉంటుంది, మైనం పైన వేస్తే లోపలే పెరుగుతుంది. దానికి బెంజోట్రయజోల్ ద్రావణంతో చేసే చికిత్స ఉంది. అది విషపదార్థం, మ్యూజియం సంరక్షకులు చేయాల్సిన పని, అటెండరుకు సీసా ఇచ్చి పంపేది కాదు.

శిలాఫలకం సంగతి చివరికి మిగిలింది గానీ, పనిలో మాత్రం అదే మొదలు. ఉస్మానియాకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా 1917లో, స్థాపన 1918లో. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చట్టం 1926లో మద్రాసు శాసనసభది, బెజవాడలో మొదలై వాల్తేరు చేరింది 1930లో. కట్టమంచి రామలింగారెడ్డి గారు దాని మొదటి వైస్ చాన్సలర్, "వ్యవస్థాపక ఉపకులపతి" అన్న మాట అందుకే సరిగ్గా అతుకుతుంది. దాన్ని కుదించి "వ్యవస్థాపకుడు" అని చెక్కితే హార్వర్డ్ దిమ్మె మీది రెండో ముక్కే ఇక్కడా తయారవుతుంది. ఏ ఏడాది వేసినా అది దేని ఏడాదో పక్కనే రాయాలి: ఫర్మానా, చట్టం, తరగతులు, పుట్టుక, మరణం. తెలుగు ఒత్తులూ దీర్ఘాలూ రాయి చెక్కేవాడి కంప్యూటర్‌లో ఫాంటు మారి చెదిరిపోవడం చాలా మామూలు. అందుకే అసలు సైజులో కాగితం మీద అచ్చు తీసి, దిమ్మె ఎత్తున గోడకు అంటించి, ఆ పనితో సంబంధం లేని ఇద్దరితో బయటికి చదివించండి. సంతకం ఆ కాగితం మీద పెట్టాలి, ఫోన్‌లో వచ్చిన బొమ్మ మీద కాదు.

ఆ కాగితాన్ని, మిశ్రమం పరీక్ష రిపోర్టును, గోడ మందం కొలతలను, రంగుకు వాడిన లవణాల పేర్లను, బోల్టుల డ్రాయింగును, ఏటా మైనం వేసిన తేదీలను ఒకే ఫైలులో పెట్టి లైబ్రరీలో ఒక ప్రతి, ఇంజినీరింగు సెక్షన్‌లో ఒక ప్రతి ఉంచండి. ముట్టుకునే చోటు ఏదైనా ఉంటే దాని ఫొటో కూడా ఏడాదికొకటి, ఒకే కోణంలో, పక్కన స్కేలు పెట్టి తీసినది.